శిక్ష పడ్డాక నిజం బయటికొస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఆలూరు వైపు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "మా మేనమామ కొడుకు కడప సెంట్రల్ జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. ఊళ్లో రెండు వర్గాల గొడవలో జరిగిన హత్య. పదకొండు మందిలో వాడు తొమ్మిదో ముద్దాయి. హైకోర్టు అప్పీలు కొట్టేసి రెండేళ్లు కావస్తోంది. అవతలి వర్గం సాక్షి ఒకాయన జబ్బుతో మంచాన పడి, 'ఆ పిల్లోణ్ని నేను చూడలేదు, పేరు చెప్పమంటే చెప్పినా' అని ఇప్పుడు అంటున్నాడు. ఇలాంటివి విచారించే ఆఫీసు ప్రభుత్వంలో ఏదైనా ఉందా? బ్రిటన్‌లో ఉందంట, మనకెందుకు లేదు?"

లేదండీ. మన రాష్ట్రంలోనే కాదు, దేశంలో ఎక్కడా లేదు. నేను కర్నూలు కోర్టుల్లో ముప్పై ఏళ్లకు పైగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. అందులో పన్నెండేళ్లు న్యాయ సేవాధికార సంస్థ తరఫున పంచలింగాల జైలుకీ కడప జైలుకీ తిరిగాను. మీరు అడిగిన ప్రశ్న జైల్లో ఖైదీలు వేరే మాటల్లో చాలాసార్లు అడిగారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మీవాడి విషయంలో వెంటనే చేయాల్సినవి చివర్లో ఉన్నాయి. టెన్షన్‌లో ఉంటే ముందు అవే చదవండి.

ఆ సాక్షి మాటను అధికారికంగా రాసుకునే బాధ్యత ఈ రోజు ఎవరికి ఉందో చూడండి. పోలీసులకు లేదు, వాళ్ల లెక్కలో శిక్ష పడిన కేసు ముగిసిన కేసు. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 164వ సెక్షన్, దాని స్థానంలో ఇప్పుడున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్‌లో 183 కింద స్టేట్‌మెంట్ రాసుకోమంటే, దర్యాప్తు అధికారి కోరకుండా సాక్షి తనంతట తాను వచ్చి అడిగితే రాయకూడదని సుప్రీంకోర్టు 1999లో జోగేంద్ర నాహక్ కేసులో చెప్పింది. సెషన్స్ జడ్జి ఒకసారి తీర్పు మీద సంతకం పెట్టాక అచ్చుతప్పులు తప్ప మార్చడానికి లేదు. హైకోర్టుకూ అంతే, తన క్రిమినల్ తీర్పును తానే తిరగదోడలేదు. ఇక మిగిలింది సుప్రీంకోర్టు. అది ఢిల్లీలో ఉంటుంది, కాగితాలు చదువుతుంది. ఆలూరు దగ్గర మంచం మీదున్న మనిషిని వచ్చి అడగదు. నిజం చెప్తానని సాక్షి తనంతట తాను ముందుకొచ్చినా, వినాల్సిన పని ఎవరిదీ కాదు. మన వ్యవస్థలో ఉన్న అసలు లోటు ఇదే.

"కర్నూల్లోనే మానవ హక్కుల కమిషన్ ఉంది కదా" అని చాలామంది అంటారు. నిజమే, 2021లో దాన్ని హైదరాబాద్ నుంచి మన ఊరికి తెచ్చారు. కానీ 1993 నాటి మానవ హక్కుల చట్టం 36వ సెక్షన్ ప్రకారం సంఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణకు తీసుకోకూడదు. మన దగ్గర హత్య కేసు ట్రయల్‌కి రావడానికే ఏడాది సరిపోదు. అప్పీలు తేలేసరికి ఇంకెన్నో ఏళ్లు పోతాయి. పైగా ఆ కమిషన్ సిఫారసు చేయగలదు అంతే, శిక్ష జోలికి వెళ్లలేదు. ఆ ఆఫీసు మెట్ల దగ్గర ఫైలు సంకలో పెట్టుకుని నిలబడిన ముసలి తల్లులను చూశాను. ఇది ఇక్కడ కాదమ్మా అని వాళ్లకు చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉండేది.

మన సీమలో తప్పుడు శిక్ష ఎక్కువగా ఎలా పడుతుందో బయటివాళ్లకు తెలియదు, మీకు తెలుసు. ఊళ్లో ఒకరు చనిపోతారు. ఫిర్యాదు రాసేటప్పుడు చేసినవాళ్ల పేర్లతో పాటు, అవతలి వర్గం ఇళ్లలో మీసం వచ్చిన ప్రతి మగవాడి పేరూ ఎక్కిస్తారు. చదువుకుంటున్నవాడు, బెంగళూరులో కూలికి పోయినవాడు, అందరూ అందులో ఉంటారు. చట్టవిరుద్ధ సమూహంలో ఉన్నాడని తేలితే చాలు, కత్తి పట్టినవాడికీ పక్కన నిలబడినవాడికీ ఒకే శిక్ష. పాత ఐపీసీలో అది 149వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో 190. తర్వాత నాలుగైదేళ్లకు పెద్దలు కూర్చుని రాజీ చేస్తారు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ల మీద సాక్షులు హోస్టైల్ అవుతారు, అంటే కోర్టులో మాట మార్చేస్తారు. రాజీలో తన తరఫున మాట్లాడే మనిషి లేనివాడి మీద మాత్రం సాక్ష్యం అలాగే మిగిలిపోతుంది. పదకొండు మందిలో ఇద్దరికి శిక్ష పడిందంటే, ఆ ఇద్దరిలో ఒకడు ఖచ్చితంగా ఎవరూ పట్టించుకోనివాడే అయిన కేసులు నేను చూశాను. ఇదేదో అరుదుగా జరిగేది కాదు.

దీనికి సుప్రీంకోర్టు 1964లోనే మసల్తీ కేసులో ఒక జాగ్రత్త చెప్పింది. గుంపు చేసిన నేరంలో ఫలానావాడు ఉన్నాడని ఇద్దరో ముగ్గురో అంతకంటే ఎక్కువమందో సాక్షులు నిలకడగా చెబితే తప్ప శిక్ష వేయడం మంచిది కాదన్నారు. మంచి సూత్రం. కానీ ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లయి, ఒకే అరుగు మీద కూర్చుని పేర్లు అనుకుంటే ఆ సూత్రం ఏం చేస్తుంది? ఆ అరుగు సంగతి కోర్టు రికార్డులోకి రాదు. ఊళ్లోకి వెళ్లి నలుగురినీ విడివిడిగా అడిగినవాడికే తెలుస్తుంది.

నా అనుభవంలో ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందటిది. కోసిగి వైపు మనిషి, హత్య కేసులో యావజ్జీవం. కడప జైలుకి లీగల్ ఎయిడ్ పని మీద వెళ్లినప్పుడు కలిశాడు. అప్పటికి లోపలికొచ్చి ఆరేళ్లు కావస్తోంది. అప్పీలు వేశారా అంటే, వకీలు వేసినాడనుకున్నా అన్నాడు. ఎవరూ వేయలేదు. ఆ రోజు ఎక్కడున్నావని అడిగితే ఒక్క ముక్కలో చెప్పాడు: "సుగ్గికి పోయినా సార్, గుంటూరు దిక్కు, మిరపకాయలు తెంపనీకి." మరి కోర్టులో చెప్పలేదా అన్నాను. "ఆ వకీలప్ప నన్ను వరండాలో ఒక్కతూరి అడిగినాడు, నువ్వు చేసినావా అని. లేదన్నా. సరే అని పోయినాడు."

మన పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్లకు ఒక మేస్త్రీ ఉంటాడు. ఎవరు ఏ రోజు పనికొచ్చారో నోటుబుక్కులో గీతలు గీస్తాడు, చివర్లో లెక్క తేల్చి వేలిముద్ర వేయిస్తాడు. ఆ పుస్తకం దొరికితే కేసు తేలిపోయినట్టే. వెతుక్కుంటూ వెళ్లాను. మేస్త్రీ చనిపోయి రెండేళ్లయింది. ఆయన భార్య అటక మీద నుంచి రేకుపెట్టె దించింది. సంవత్సరానికొకటి చొప్పున దారంతో కట్టిన పుస్తకాలు. మాకు కావాల్సిన సంవత్సరం పుస్తకం తెరిస్తే సగం చెదలు తినేసింది. ఎడమ పక్క అతని పేరు ఉంది, పేరు ఎదురుగా నాలుగు గీతలున్నాయి, ఆ పైన తారీఖులు ఉండాల్సిన చోట మట్టి రాలింది. ఆ తల్లి ఆ మట్టిని చేత్తో తుడుస్తూ, "ముందే వచ్చింటే బాగుండు కదా సారూ" అంది.

అప్పీలు వేయించాం, ఆలస్యాన్ని మన్నించారు. కొడవలి దొరికిందని రాసిన పంచనామా మీద మధ్యవర్తులిద్దరూ స్టేషన్లోనే సంతకాలు పెట్టారని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముందే వచ్చి ఉంది, ట్రయల్ కోర్టు దాన్ని పట్టించుకోలేదు. హైకోర్టు దాన్ని పట్టుకుని సంశయ లాభం కింద వదిలేసింది. తొమ్మిదేళ్లకు బయటికొచ్చాడు. కానీ తీర్పులో ఎక్కడా అతను ఆ రోజు గుంటూరు వైపు ఉన్నాడని లేదు. ఊళ్లో ఇప్పటికీ "సాక్ష్యం చాలక వదిలేసినారు" అనే అంటారు. శిక్ష పడిన కొత్తలోనే అధికారం ఉన్న ఒక మనిషి ఆ మేస్త్రీ ఇంటికి వెళ్లుంటే ఆ మాట పడాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇక మీరు చెప్పిన బ్రిటన్ సంగతి. 1974లో బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలితే ఆరుగురు ఐరిష్‌వాళ్లను పట్టుకుని యావజ్జీవం వేశారు. పదహారేళ్ల తర్వాత, 1991 మార్చిలో, ఆ శిక్షలు నిలవవని కోర్టు రద్దు చేసి వాళ్లను వదిలేసింది. అదే రోజు ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. దాని సిఫారసుతో 1995లో చట్టం, 1997లో క్రిమినల్ కేసెస్ రివ్యూ కమిషన్ వచ్చాయి. శిక్ష పడినవాడు దరఖాస్తు పెట్టుకుంటే చాలు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. పోలీసులు, ఆసుపత్రులు, ల్యాబులు, ఏ ప్రభుత్వ సంస్థ దగ్గరున్న కాగితాన్నైనా, వస్తువునైనా భద్రపరచమనీ ఇవ్వమనీ ఆదేశించే అధికారం దానికుంది. అనుమానానికి బలం ఉంటే కేసును అప్పీలు కోర్టుకు పంపుతుంది, కోర్టు విని తీరాలి. ఇప్పటికి 800కి పైగా కేసులు అలా పంపారు. వచ్చిన దరఖాస్తుల్లో అది చిన్న భాగమే. దోషులందరూ దీన్ని వాడుకుని బయటపడతారనే భయానికి నా జవాబు అదే.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. ఆ ఆఫీసు లండన్‌లో పెట్టలేదు, బర్మింగ్‌హామ్‌లో పెట్టారు. స్కాట్లాండ్ వాళ్లది గ్లాస్గోలో ఉంది. న్యూజిలాండ్ 2020లో మొదలుపెట్టినది రాజధాని వెల్లింగ్టన్‌లో కాదు, హామిల్టన్‌లో ఉంది. మనకు అలాంటిది వస్తే కర్నూల్లోనో కడపలోనో పెట్టమని అడగడానికి సెంటిమెంటు అవసరం లేదు. సచివాలయానికీ పోలీసు హెడ్‌క్వార్టర్స్‌కీ దూరంగా ఉండటమే మంచిది.

అయితే ఆఫీసు పెడితే చాలదు. ఆండ్రూ మాల్కిన్‌సన్ అనే ఆయన 2004లో అత్యాచారం కేసులో శిక్షపడి, చేయని నేరానికి 17 ఏళ్లు జైల్లో ఉన్నాడు. బాధితురాలి బట్టల నమూనా మీద వేరే మగవాడి డీఎన్ఏ ఉందని 2007లోనే తెలిసింది. అయినా ఆ కమిషనే ఆయన దరఖాస్తును రెండుసార్లు తిప్పికొట్టింది. 2023లో కానీ శిక్ష రద్దు కాలేదు. అదయ్యాక జరిగిన విచారణలో కమిషన్ తప్పులు బయటపడ్డాయి, 2025 జనవరిలో దాని అధ్యక్షురాలు రాజీనామా చేశారు. ఎందుకిలా అయిందంటే, అక్కడి చట్టం "కోర్టు ఈ శిక్షను కొట్టేసే అవకాశం నిజంగా ఉందా" అని చూసుకుని పంపమంటుంది. దాంతో వాళ్లు నిజం వెతకడం మానేసి, జడ్జీలు ఏమంటారో ఊహించడం మొదలుపెట్టారు. బాధితురాలి బట్టలను పోలీసులు ఎప్పుడో పోగొట్టారు. ల్యాబు వాళ్ల పాత నిల్వలో చిన్న నమూనాలు మిగలబట్టి బయటపడ్డాడు. నా మేస్త్రీ పుస్తకం గుర్తొచ్చింది అది చదివినప్పుడు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం 2006లో ఇంకో రకంగా చేసింది. అక్కడ టెక్నికల్ తప్పులు పనికిరావు, "నేను అసలు ఆ నేరమే చేయలేదు" అనేవాడి దరఖాస్తే తీసుకుంటారు. కమిషన్ సొంతంగా విచారించి ముగ్గురు జడ్జీల ముందు పెడుతుంది, ముగ్గురూ ఒప్పుకుంటే నిర్దోషి అని ప్రకటిస్తారు. సంశయ లాభం కాదు, నిర్దోషి. ఆ కోసిగి మనిషికి కావాల్సింది ఆ ఒక్క మాట. కెనడా కూడా 2024 డిసెంబరులో ఇలాంటి కమిషన్ కోసం చట్టం చేసింది, చేయని హత్యకు 23 ఏళ్లు జైల్లో ఉన్న డేవిడ్ మిల్‌గార్డ్ పేరూ ఆయన కోసం పోరాడిన తల్లి జాయిస్ పేరూ దానికి పెట్టారు.

మనవాళ్లు ఏమీ చేయలేదని కాదు. లా కమిషన్ 2018లో 277వ నివేదిక ఇచ్చింది. తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు నష్టపరిహారం కోసం ప్రత్యేక కోర్టులు పెట్టమంది. అది కూడా చట్టం కాలేదు. 2025లో మరణశిక్ష పడిన ఒక తమిళనాడు ఖైదీని నిర్దోషిగా వదిలేస్తూ సుప్రీంకోర్టు మళ్లీ ఆ పరిహారం చట్టం ఊసెత్తింది. ఈలోగా చట్టంలో ఏముందంటే, కారణం లేకుండా అరెస్టు చేయించినందుకు మేజిస్ట్రేటు ఇప్పించగలిగే పరిహారం గరిష్ఠంగా 1000 రూపాయలు. కొత్త చట్టంలోనూ అంతే ఉంచారు. విజయవాడ హాస్టల్ విద్యార్థిని హత్య కేసులో శిక్ష పడిన యువకుణ్ని 2017లో హైకోర్టు వదిలేస్తూ లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్లకు పైగా జైలుకు లక్ష. ఆ మొత్తం గురించి మాట్లాడటానికే నాకు మనసు రాదు. కానీ పరిహారం అనేది బయటపడ్డవాడి సమస్య. మీవాడు ఇంకా బయటపడలేదు. లా కమిషన్ నివేదికలో నాకు కనిపించే లోటు అదే. నిర్దోషి అని తేలిన తర్వాత ఏం ఇవ్వాలో రాసింది కానీ, జైల్లో ఉన్న నిర్దోషిని వెతికి పట్టుకునేది ఎవరో రాయలేదు.

మన రాష్ట్రం చేయగలదా అంటే చేయగలదు. క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో ఉంది. అసెంబ్లీ చట్టం చేసి రాష్ట్రపతి ఆమోదం తీసుకుంటే, కమిషన్ పంపిన కేసును హైకోర్టు మళ్లీ అప్పీలుగా వినేలా ఏర్పాటు చేయవచ్చు. ఆమోదం వచ్చేలోగా కూడా 161వ అధికరణ కింద గవర్నరుకు క్షమాభిక్ష, శిక్ష తగ్గింపు అధికారం ఉంది కాబట్టి కమిషన్ నివేదిక నేరుగా అక్కడికి వెళ్లవచ్చు. నేను పట్టుబట్టేవి కొన్నే. ఖైదీ రాసిన పోస్టుకార్డు చాలాలి. కేసు ముగిసిందని ఆ కేసు వస్తువులను, ఫోరెన్సిక్ నమూనాలను కాల్చేసే ముందు కమిషన్‌ను అడగాలి. విచారించేవాళ్లు అదే జిల్లా నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన పోలీసులు కాకూడదు. జడ్జి ఏమంటాడో ఊహించే పని వాళ్లకు ఇవ్వకూడదు. సాక్షి మాట మార్చుకుంటే, అది భయంతోనా డబ్బుకోసమా నిజంగానా అని ఊళ్లోకి వెళ్లి తేల్చే అధికారం ఉండాలి.

ఇలాంటివి ముందుగా ఆపడం కూడా దాని పనే కావాలి. ఒకే స్టేషన్ నుంచి, ఒకే మధ్యవర్తి సంతకంతో పది పంచనామాలు వస్తున్నాయంటే, ఆ పది కేసులూ ఒకచోట పెట్టి చూసేవాళ్లు ఇప్పుడు లేరు. స్టేషన్లలో కెమెరాలు పెట్టి రికార్డింగులు 18 నెలలు ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. సోదాలను వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ 105 చెబుతోంది. రెండూ మంచివే. కానీ శిక్ష పడేసరికి ఆ 18 నెలలు ఎప్పుడో దాటిపోతాయి. ముందే భద్రపరచమని ఆదేశించే నాథుడు కావాలి.

ఇప్పుడు మీ పని. ఆ సాక్షి దగ్గరికి మీ కుటుంబం నుంచి ఎవరూ వెళ్లకండి. ఒక్కరు వెళ్లినా బెదిరించారని కేసు పెడతారు, ఆయన మాటకున్న విలువ అక్కడితో పోతుంది. మీ ఊరితో సంబంధం లేని లాయరును పంపండి. సాక్షి సొంత మనుషులు, వైద్యం చేస్తున్న డాక్టరు పక్కన ఉండాలి. స్పృహలో ఉన్నాడని డాక్టరు రాసివ్వాలి, నోటరీ ముందు అఫిడవిట్ తీసుకోవాలి, మొత్తం వీడియో తీయాలి. కోర్టులో అబద్ధం చెప్పానని ఒప్పుకుంటే తన మీద కేసు రావచ్చని ముందే ఆయనకు తెలియాలి, దాచకండి. తెలిసీ చెప్పాడంటే ఆ మాటకు బరువు పెరుగుతుంది. ఖర్మకాలి ఆయన చనిపోయినా, తన మీద కేసు వచ్చేలా మనిషి చెప్పిన మాట చట్టం ముందు చెల్లడానికి వీలుంది. సాక్ష్య చట్టంలో పాత 32, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 26. దీనికి నెలలు ఆగకండి, ఈ వారంలోనే చేయించండి.

రెండోది, శిక్ష వేసిన సెషన్స్ కోర్టులో పిటిషన్ వేసి, ఆ కేసు వస్తువులు, రికార్డులు ఏవీ ధ్వంసం చేయవద్దని కోరండి. ఇప్పటికే కాల్చేసి ఉంటే, ఆ సంగతైనా రాతపూర్వకంగా తెలుస్తుంది.

మూడోది సుప్రీంకోర్టు. హైకోర్టు తీర్పు నుంచి 90 రోజుల్లో స్పెషల్ లీవ్ పిటిషన్, అంటే అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే అర్జీ, వేయాలి. మీది గడువు దాటింది, కానీ జైల్లో ఉన్నవాడి ఆలస్యాన్ని, తగిన కారణం చూపిస్తే, కోర్టు మన్నిస్తుంది. డబ్బు గురించి భయపడకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. మీవాడే జైలు సూపరింటెండెంట్ ద్వారా సుప్రీంకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

అంతకంటే ముందు ఒక పని చేయండి. సాక్షుల వాంగ్మూలాల సర్టిఫైడ్ కాపీలు తీసి, ఏ9 (తొమ్మిదో ముద్దాయి) అయిన మీవాడి పేరు ఎంతమంది చెప్పారో, పోలీసుల ముందు ఎవరు చెప్పారో, కోర్టులో ఎవరు చెప్పారో ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టండి. ఈ సాక్షిని తీసేస్తే ఎన్ని గీతలు మిగులుతాయో చూసి, ఆ సంఖ్య నాకు రాయండి. తీర్పు కాపీలో ఏ9 గురించి రాసిన పేరాలు కూడా ఫొటో తీసి పంపితే, మీ తరఫున పిటిషన్‌లో మసల్తీ కేసు ఎక్కడ పెట్టాలో నేనే గుర్తు పెట్టి ఇస్తాను.